మినాక్సిడిల్: డ్రాపరా, స్ప్రేనా, ఫోమా? ఒక పార్లర్ మనిషి రివ్యూ

జుట్టు పలచబడితే తలకి రాసుకునే మందు మినాక్సిడిల్. మందుల షాపులో అడిగితే మూడు రకాలు చూపిస్తారు. డ్రాపర్ ఉన్న లోషన్, స్ప్రే ఉన్న లోషన్, నురగలా వచ్చే ఫోమ్. మూడూ మా ఇంట్లో వాడాం. నాకు పాపిట వెడల్పయింది, మా ఆయనకి నడినెత్తి మీద పలచబడింది. రాజమండ్రిలో చిన్న బ్యూటీ పార్లర్ నడుపుతాను కాబట్టి రోజూ ఎంతోమంది తలలు దగ్గరగా చూస్తుంటాను. "మందు రాస్తూనే ఉన్నానండీ, ఏమీ మార్పు లేదు" అనే కస్టమర్లు చాలామంది వస్తారు. పాయ తీసి చూస్తే మందు వెంట్రుకల మీద ఎండి జిగురుగా ఉంటుంది, మాడు మాత్రం శుభ్రంగా పొడిగా ఉంటుంది. డబ్బు పెట్టి కొన్న మందు చేరాల్సిన చోటికి చేరకపోతే నాకు నిజంగా బాధేస్తుంది. అందుకే ఈ రివ్యూలో మందు గురించి కంటే, అది సీసాలోంచి మాడు మీదకి ఎలా చేరుతుందన్న దాని గురించే ఎక్కువ రాస్తున్నాను.

హైదరాబాద్ డాక్టర్ రెడ్డీస్ వాళ్ల మింటాప్, సిప్లా వాళ్ల టుగేన్ లాంటి పేర్లు చాలామంది విన్నవే. ఇంకా ఎన్నో కంపెనీలు తయారుచేస్తాయి. అన్నిట్లోనూ అసలు మందు ఒకటే. నేను వాడిన బ్రాండ్ల పేర్లు ఇక్కడ చెప్పడం లేదు. మూత గురించి, గొట్టం గురించి, నాజిల్ గురించి నేను చెప్పేది ఏ కంపెనీ సీసాకైనా సరిపోతుంది.

కొనేముందు స్కిన్ డాక్టర్‌కి చూపించుకోండి. మా డాక్టర్‌గారు థైరాయిడ్, ఐరన్ పరీక్షలు చేయించి, ఇది వంశంలో వచ్చే పలచబడటమే అని తేల్చుకున్నాకే మందు రాశారు. డెంగీ, టైఫాయిడ్ లాంటి జ్వరాలు తగ్గిన రెండు మూడు నెలలకి, కాన్పు తర్వాత కూడా, జుట్టు కుచ్చులు కుచ్చులుగా రాలుతుంది. అది ఎక్కువమందిలో దానంతట అదే సర్దుకుంటుంది. పేనుకొరుకుడు ఇంకో జబ్బు, దాని వైద్యం వేరు. ఇవన్నీ ఒకటే అనుకుని సీసా కొనేస్తే లాభం లేదు.

మినాక్సిడిల్ మొదట్లో బీపీ మాత్ర. 1979లో అమెరికాలో బీపీకి అనుమతి వచ్చింది. మింగినవాళ్లకి ఒంటి మీద వెంట్రుకలు పెరగడం చూసి, తలకి రాసే మందుగా తయారుచేశారు. అక్కడే 1988లో మగవాళ్లకి 2 శాతం లోషన్, 1991లో ఆడవాళ్లకి, 2006లో ఫోమ్ వచ్చాయి. కుదుళ్లలో ఉండే ఒక ఎంజైమ్ దీన్ని మారిస్తేనే ఇది పనిచేస్తుంది. ఆ ఎంజైమ్ కొందరిలో ఎక్కువ, కొందరిలో తక్కువ. ఒకే సీసా అక్కకి పనిచేసి చెల్లికి పనిచేయకపోవడానికి అదొక కారణం. వెంట్రుకకి ప్రాణం లేదు, దాని మీద పడిన చుక్క వృథా. చర్మం మీద పడితేనే లెక్క.

ముందు డ్రాపర్ సంగతి. మందుల షాపతను "మేడమ్, స్ప్రే తీసుకోండి, ఈజీగా ఉంటుంది" అన్నాడు. నేను డ్రాపరే తీసుకున్నాను. పొడుగు జుట్టున్న ఆడవాళ్లకి లోషన్ వాడాలంటే ఇదే మంచిదని నా అభిప్రాయం. సన్నటి గొట్టం మీద 1 మిల్లీలీటరు గీత ఉంటుంది. 2 శాతం లోషన్ అయితే పూటకి 1 మిల్లీలీటరు, రోజుకి రెండు పూటలు. ఆ లెక్కన 60 మిల్లీలీటర్ల సీసా నెలకి సరిపోతుంది. 1 మిల్లీలీటరు అంటే సుమారు ఇరవై చుక్కలు. ఈ ఇరవై చుక్కల్ని ఎక్కడెక్కడ పెడతామన్నదే అసలు పని.

పార్లర్‌లో రంగు వేసేటప్పుడు పాయలు ఎలా తీస్తామో ఇక్కడా అలాగే తీయాలి. తల పూర్తిగా ఆరి ఉండాలి. టెయిల్ కోంబ్ కొసతో నడిమి పాపిట తీసి, రెండు వైపులా జుట్టు పక్కకి అదిమితే తెల్లగా మాడు గీత కనిపిస్తుంది. గొట్టం కొస చర్మానికి తగలకుండా కాస్త పైన పట్టుకుని, వేలెడు దూరానికి ఒక చుక్క చొప్పున మూడు నాలుగు చుక్కలు వదలాలి. చుక్క పడగానే ఒక్క వేలి కొసతో అద్దాలి. అరచేత్తో రుద్దితే సగం మందు అరచేతికే పోతుంది. తర్వాత అర అంగుళం పక్కన ఇంకో గీత, అటువైపు ఇంకో గీత. పలచబడిన జాగా అంతా వచ్చేసరికి అయిదారు గీతలు అవుతాయి, చుక్కలు కూడా అయిపోతాయి. గట్టిగా మసాజ్ చేయక్కర్లేదు. గడ్డం కొంచెం పైకెత్తి కూర్చుంటే మందు నుదుటి మీదకి కారదు. ఇది చాలా ముఖ్యం, నుదుటికీ చెంపలకీ కారితే అక్కడ నూగు వెంట్రుకలు పెరిగే అవకాశం ఉంది. కారితే వెంటనే తుడిచి కడిగేయాలి. చివర్లో చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

డ్రాపర్‌లో నాకు నచ్చనిది రబ్బరు బుడిపె. నేను కొన్న సీసాల్లో ఒకదానికి అది వదులుగా ఉండి, నొక్కితే చుక్కకి బదులు ధార వచ్చేది. షాపులోనే సీలు తీయించి చూడలేం కదా. ఇంటికొచ్చాక ముందు మంచినీళ్లతో పరీక్షించండి. గొట్టం బాగా ఆరాకే మందులో పెట్టండి.

ఇక నూనె. మన ఇళ్లలో ఇదే పెద్ద చిక్కు. కొబ్బరినూనె పట్టించిన తల మీద మందు రాస్తే మాడుకి సరిగ్గా అంటదు. జిడ్డు మీద జారి జుట్టులోకి పోతుంది. నూనె మానేయమని నేను చెప్పను, నేనూ మానలేదు. తలంటుకునే రోజు, స్నానానికి ముందు ఓ గంట పట్టించి శుభ్రంగా కడిగేస్తాను. తల ఆరాక మందు. మందు రాశాక నాలుగు గంటల వరకు తల తడపకూడదు. హెయిర్ డ్రయర్‌తో ఆరబెట్టకూడదు, మందు ప్రభావం తగ్గే వీలుంది. రంగు వేయించుకునే రోజు, స్ట్రెయిటెనింగ్ చేయించుకునే రోజు మందు అసలు రాయొద్దు. తల కడుక్కుని వచ్చి, మళ్లీ మర్నాడు మొదలుపెట్టండి. నా దగ్గరికొచ్చే వాళ్లని రంగు కలిపే ముందు ఈ మాట తప్పకుండా అడుగుతాను. మందు ఉన్న మాడు మీద రంగు పడితే మంట పుట్టొచ్చు.

స్ప్రే గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. జుట్టు బాగా పలచబడిన జాగాకి, అదీ ఇంకొకళ్లు కొడితేనే, అది పనికొస్తుంది. మా ఆయన 5 శాతం లోషన్ స్ప్రేతో సొంతంగా కొట్టుకునేవారు. వెనక సుడి దగ్గర ఎక్కడ పడుతోందో ఆయనకి కనిపించదు. సగం జుట్టు మీద, సగం బాత్రూమ్ అద్దం మీద. "ఏవండీ, ఇటు కూర్చోండి" అని స్టూలు మీద కూర్చోబెట్టి నేనే రాయడం మొదలుపెట్టాను. సీసాతో పాటు ఇచ్చే పొడుగు నాజిల్ తగిలిస్తే కొంత నయం, దాని కొస మాడు దగ్గరదాకా వెళ్తుంది. ఎన్ని నొక్కులకి 1 మిల్లీలీటరు అవుతుందో ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటుంది, పెట్టెలోని కాగితం చదవాల్సిందే. ఫ్యాను ఆపి కొట్టాలి, తుంపర పీల్చకూడదు.

నేను ఫోమ్‌కి మారింది దురద వల్ల. లోషన్‌లో మందు కరగడానికి ప్రొపిలీన్ గ్లైకాల్ అనే ద్రవం కలుపుతారు. అది కొందరి చర్మానికి పడదు. దురద, ఎరుపు, చుండ్రులా పొట్టు వస్తాయి. చాలామంది ఇది మందు వేడి అనుకుని మజ్జిగ, నిమ్మరసం పట్టిస్తారు. దయచేసి అలా చేయకండి, డాక్టర్‌కి చూపించండి. ఫోమ్‌లో సాధారణంగా ఆ ద్రవం ఉండదు. డాక్టర్‌గారు 5 శాతం ఫోమ్, రోజుకి ఒక్కసారి, అర మూత అని రాశారు. దురద తగ్గింది. రోజుకి ఒక్కసారే అన్నది పనిచేసుకునే ఆడవాళ్లకి పెద్ద ఊరట. పొద్దున్నే పార్లర్ తాళం తీసే హడావుడిలో పాయలు తీసుకుంటూ కూర్చోవడం నాకు ఎప్పుడూ టెన్షన్‌గానే ఉండేది.

అయితే ఫోమ్‌కి పెద్ద శత్రువు మన గోదావరి ఎండాకాలం. వెచ్చటి వేలు తగిలితే చాలు నీళ్లయిపోతుంది. పొడుగు జుట్టులో పాయ తీసేలోపే కరిగి వేళ్ల సందుల్లోంచి కారిపోతుంది. దీనికి చేయాల్సింది ఒకటే. పాయలు ముందే తీసి క్లిప్పులు పెట్టుకోవాలి. చేతులు చల్లటి నీళ్లతో కడిగి తుడుచుకోవాలి. డబ్బా తలకిందులు చేసి నురగని మూతలోకి తీసుకుని, అక్కడినుంచి వేలి కొసతో కొంచెం కొంచెం అందుకుంటూ గీతల మీద అద్దాలి. నురగని నేరుగా తల మీద కొట్టుకుంటే జుట్టు పైనే ఆగిపోతుంది. డబ్బాలో మండే గ్యాస్ ఉంటుంది, లోషన్‌లో ఆల్కహాల్ ఉంటుంది. వంటింట్లో, దేవుడి దీపం దగ్గర రెండిటిలో ఏదీ వాడొద్దు. ఫోమ్ ధర లోషన్ కంటే ఎక్కువ. మాడుకి లోషన్ పడేవాళ్లు ఆ డబ్బు పెట్టక్కర్లేదు.

పడుకునే ముందు రాసుకుంటే మందు దిండుకి, దిండునుంచి మొహానికి అంటుకుంటుంది. రెండు నుంచి నాలుగు గంటల ముందే రాసేయాలి. నేను పార్లర్ మూసి ఇంటికొచ్చి, స్నానం చేసి, అన్నం తినకముందే రాసేస్తాను. ఒక పూట మర్చిపోతే తర్వాతి పూట రెట్టింపు రాయకూడదు. ఎక్కువ రాస్తే ఎక్కువ పెరగదు, దురద మాత్రం ఎక్కువవుతుంది. గుండె దడ, తల తిరగడం, కాళ్లు చేతులు వాయడం కనిపిస్తే ఆపేసి డాక్టర్‌ దగ్గరికి వెళ్లాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు వాడకూడదు.

మొదటి వారాల్లో జుట్టు ఇంకా ఎక్కువ రాలొచ్చు. చాలామంది సీసా పారేసేది ఇక్కడే. విశ్రాంతి దశలో ఉన్న పాత వెంట్రుకల్ని తోసేసి కొత్తవి మొదలవడం వల్ల అలా జరుగుతుంది, కొన్ని వారాల్లో తగ్గుతుంది. వెంట్రుక నెలకి సుమారు ఒక సెంటీమీటరే పెరుగుతుంది కాబట్టి నాలుగు నెలలకి ముందు అద్దంలో తేడా వెతకొద్దు. పూర్తి ఫలితం తెలియడానికి ఏడాది పట్టొచ్చు. నెలకోసారి అదే కిటికీ దగ్గర, అదే వెలుగులో పాపిట ఫోటో తీసుకోండి. నా ఫోటోల్లో పాపిట పక్కన పొట్టి వెంట్రుకలు నిలబడటం స్పష్టంగా కనిపిస్తోంది, గీత సన్నబడింది. పదో తరగతిలో ఉన్నప్పటి జడ మాత్రం తిరిగి రాలేదు, అలా వస్తుందని ఏ సీసా మీద రాసినా నమ్మకండి. మా ఆయనకి రాలడం బాగా తగ్గింది, సుడి దగ్గర నూగు వచ్చింది. నున్నగా అయిపోయిన చోట ఏమీ రాలేదు. మందు ఆపితే మూడు నాలుగు నెలల్లో వచ్చిన జుట్టు పోతుంది. ఏళ్ల తరబడి వాడాల్సిన ఖర్చు ఇది, నెల బడ్జెట్ చూసుకునే మొదలుపెట్టండి.

ఇంకొక్క మాట, ఇది చాలామందికి తెలియదు. పిల్లులకి ఈ మందు విషం. దిండు నాకినా, చుక్క పడిన చోట నాకినా ప్రాణం మీదకొస్తుంది. పిల్లిని పెంచేవాళ్లు డాక్టర్‌తో ఆ సంగతి ముందే చెప్పండి. మందు రాసుకున్న తలని పసిపిల్లల ఒంటికి ఆనిస్తే వాళ్లకీ అవాంఛిత రోమాలు పెరిగిన కేసులు ఉన్నాయి. మా అక్క మనవడు ఎప్పుడూ నా భుజం మీదే ఉంటాడు. వాడు వచ్చిన రోజుల్లో వాడు నిద్రపోయాకే డబ్బా తీస్తాను, నేను వేరే గదిలో పడుకుంటాను.