నవలలు చదివి విశాఖ వస్తే ముందు ఏ కొండ ఎక్కాలి?

శాతవాహనుల కాలం నవలలు ఇష్టంగా చదివినవాళ్లు విశాఖలో ముందు పాత బౌద్ధారామం శిథిలాలున్న తొట్లకొండకే వెళ్లాలని నా గట్టి అభిప్రాయం. ఆ నవలల్లో రాజులు ఉంటారు, రోముకు సరుకు మోసే ఓడలు ఉంటాయి. బౌద్ధ భిక్షువులు మాత్రం ఎప్పుడో ఒకసారి వచ్చి, నాయికకు నాలుగు మంచి మాటలు చెప్పి వెళ్లిపోతారు. వాళ్లు ఏం తిన్నారో, తాగే నీళ్లు ఎక్కడివో నేను చదివిన ఏ నవలలోనూ లేదు. ఈ కొండ మీద ఉన్నదంతా అదే.

ఊరి నుంచి భీమిలి బీచ్ రోడ్డులో 16 కిలోమీటర్లు ఉంటుంది. కారు పైదాకా వెళ్తుంది. 1988 నుంచి 1993 వరకు జరిపిన తవ్వకాల్లో శాతవాహనుల సీసపు నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలూ దొరికాయి. అంటే ఆ ఓడల మాట కల్పన కాదు. చాలామంది మహాస్తూపం దగ్గర ఫొటోలు దిగి వెనక్కి తిరిగేస్తారు. 2019 వానలకు స్తూపం కొంత కూలితే మళ్లీ కట్టారు కాబట్టి అక్కడ కనిపించేదంతా పాతది కాదు. రాతిలో తొలిచిన నీటి తొట్ల దగ్గరికి తప్పకుండా వెళ్లండి. మేం వెళ్లింది వానాకాలం తర్వాత. తొట్టిలో పచ్చటి నీళ్లు నిలిచి ఉన్నాయి. మా అమ్మ అంచున కూర్చుని, "కొండ మీద పడ్డ చినుకుని కిందకి పోనివ్వలేదమ్మా వీళ్లు" అంది. అక్కడి నుంచి భోజనశాల పునాదులు, వంటిల్లు, ఒకరిద్దరు పడుకునేంత చిన్న గదుల వరుసలు చూస్తూ నడిచాం. ఎంతమందికి ఎన్ని నీళ్లు కావాలో, గింజలు ఎక్కడ దాచుకోవాలో ఆలోచించి కట్టుకున్న చోటు ఇది. నీడ తక్కువ. పొద్దున్నే వెళ్లండి, నీళ్లు పట్టుకెళ్లండి.

రెండో స్థానం అనకాపల్లి దగ్గర శంకరం ఊళ్లోని మరో బౌద్ధ క్షేత్రం బొజ్జన్నకొండకి ఇస్తాను. కారు మాట్లాడుకునేటప్పుడే చోటు పేరు స్పష్టంగా చెప్పండి. మా డ్రైవర్ "నూకాలమ్మ గుడికే కదండీ" అని అటు తిప్పబోయాడు. 1906లో బ్రిటిష్ కాలపు పురావస్తు అధికారి అలెగ్జాండర్ రీ ఇక్కడ తవ్వకాలు జరిపించాడు. ఇటుకతో కట్టిన స్తూపాలు వేరే చోట్ల కూడా చూస్తాం, ఇక్కడ కొండనే చెక్కి స్తూపాలు చేశారు. పక్కనే ఉన్న లింగాలకొండ మీద అవి వరసలు వరసలుగా, చిన్నా పెద్దా కలిసి, కుప్పనూర్చిన ధాన్యపు రాశుల్లా కనిపిస్తాయి. మెట్లు నిటారుగా ఉంటాయి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి కష్టమే. అమ్మ సగం ఎక్కి ఆగిపోయింది.

అమ్మకి కృష్ణదేవరాయల కాలం నవలలంటే ప్రాణం. వారపత్రికల్లో వచ్చిన సీరియల్ పేజీలు చింపి, కుట్టి, బైండు చేయించి దాచుకున్న తరం కదా. అందుకే సింహాచలం తప్పలేదు. 1516లో ఒడిశా రాజులైన గజపతుల మీద దండెత్తినప్పుడు కృష్ణదేవరాయలు ఇక్కడికి వచ్చి స్వామికి కానుకలు ఇచ్చాడు. శాసనంలో 991 ముత్యాల హారం అని లెక్క కూడా ఉంది. నవలా రచయిత ముత్యాల హారం అని ఊరుకుంటాడు. ఆ సంఖ్య విన్నాక నాకు మాత్రం ఎవరో ఒక ఉద్యోగి దీపం దగ్గర కూర్చుని ముత్యాలు ఒక్కొక్కటీ లెక్కపెట్టడం కళ్లకు కట్టింది. క్యూలో ఉంటే గోడల వైపు చూసే తీరిక దొరకదు, దర్శనం అయ్యాక నెమ్మదిగా తిరగండి. చరిత్ర కోసం వెళ్లేవాళ్లు జనం కిక్కిరిసే చందనోత్సవం రోజుల్లో వెళ్లకపోవడమే మేలు.

ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ చరిత్రాత్మకమే. 1969లో నౌకాదళంలో చేరి 2001 దాకా పనిచేసింది. నేవీలో పనిచేసి రిటైరైనవాళ్లే లోపల తిప్పి చూపిస్తారు. ఈ ప్రయాణం మొత్తంలో నాకు బాగా నచ్చిన గైడ్ అక్కడి పెద్దాయనే. సముద్ర యుద్ధాల నవలలు చదివే పిల్లలుంటే తప్పకుండా తీసుకెళ్లండి. భీమిలిలో డచ్చివాళ్ల సమాధులు ఒక అరగంటలో చూసేయొచ్చు. దానికోసమే ప్రత్యేకంగా వెళ్లనక్కర్లేదు, తొట్లకొండ చూశాక అటే వెళ్తే సరిపోతుంది.

బస విషయంలో మాకు చేదు అనుభవమే. బీచ్ రోడ్డులో ఒక హోటల్లో సముద్రం కనిపించే గది బుక్ చేస్తే వెనకవైపు గది ఇచ్చి, మార్చమంటే ఇంకా డబ్బు అడిగారు. తర్వాత ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర మామూలు లాడ్జిలోకి మారాం. గది చిన్నదే అయినా శుభ్రంగా ఉంది. పొద్దున్నే వేడి ఇడ్లీ దొరికేది, సింహాచలం బస్సు, అనకాపల్లి బస్సు అక్కడే ఎక్కొచ్చు. పెద్దవాళ్లతో వెళ్తూ తొట్లకొండ, భీమిలి మాత్రమే చూసేవాళ్లయితే రుషికొండ వైపు దిగడం నయం. అన్నీ చూడాలనుకుంటే కాంప్లెక్స్ దగ్గరే దిగండి.