పాత పికప్‌కి క్రౌన్ పినియన్ వేట: ఏ యార్డులు తిరిగాం, ఎక్కడ దిగాం

వెనక యాక్సిల్ ఊళ పెడుతుంటే ఇంకొన్నాళ్లు నెట్టుకురావచ్చు, పళ్లు ఊడితే మాత్రం బండి ఇంటి ముందు నిలబడిపోవాల్సిందే. మాది 1985 షెవ్రొలే కె10, అర టన్ను, ఫోర్ వీల్ డ్రైవ్. క్రౌన్ పినియన్ అంటే వెనక యాక్సిల్ మధ్యలో చక్రాలని తిప్పే గేర్ల జంట, పెద్దది రింగ్ గేర్ (క్రౌన్), దాన్ని తిప్పే చిన్నది పినియన్. కవర్ విప్పితే నల్లటి ఆయిల్‌లో పినియన్ పంటి ముక్కలు, రింగ్ గేర్ నిండా వాటి గాట్లు. కొత్త సెట్టు దొరకదని కాదు, దొరుకుతుంది. కానీ కొత్త గేర్లు బిగించాలంటే షిమ్‌లతో, అంటే పలచటి రేకులతో, పినియన్ లోతు సరిచేయాలి, బేరింగుల ప్రీలోడ్ (ముందుగా ఇచ్చే బిగువు) చూడాలి, రెండు గేర్ల మధ్య ప్లే (ఖాళీ) మామూలుగా 0.006 నుంచి 0.010 అంగుళాల మధ్యకి తేవాలి, రంగు పూసి తిప్పి పళ్ల ముద్ర సరిగ్గా పడుతోందో లేదో చూడాలి. ఇదంతా వచ్చిన చెయ్యి వేరే, ఆ చేతికిచ్చే కూలీతో కలిపితే ఈ వయసు బండికి పెట్టాలా అనిపించే ఖర్చు. అందుకే పాత గేర్లు, కుదిరితే ఫ్యాక్టరీ బిగింపు కదలని యాక్సిల్ మొత్తంగా, వెతుకుదామని నేనూ మా బావమరిదీ వేరే బండికి ట్రైలర్ తగిలించుకుని బయల్దేరాం. దారిలో చూసిన చోట్లు, దిగిన చోట్లు, మాట్లాడిన మనుషులు, అన్నీ కలిపి రాస్తున్నాను, ఇదే పని మీద తిరిగేవాళ్లకు పనికొస్తుంది.

బయల్దేరేముందు గ్లవ్ బాక్స్ మూత లోపలి స్టిక్కర్ ఫొటో తీసి పెట్టుకోండి. షెవ్రొలే తయారుచేసే జీఎం బండ్లలో అక్కడ మూడక్షరాల కోడ్‌లు ఉంటాయి. గేరు రేషియో, అంటే చక్రాలు ఒక చుట్టు తిరగడానికి పినియన్ ఎన్ని చుట్లు తిరగాలో, వాటిలో తెలుస్తుంది. జీయూ4 అంటే 3.08, జీయూ6 అంటే 3.42, జీటీ4 అంటే 3.73, జీటీ5 అంటే 4.10. పక్కన జీ80 కూడా ఉంటే లాకింగ్ డిఫరెన్షియల్, అంటే ఒక చక్రం జారితే రెండిటినీ కలిపి తిప్పే రకం, ఉన్నట్టు. మాది జీటీ4. ముందు యాక్సిల్ బాగానే ఉంది, అదీ 3.73 కాబట్టి వెనక్కి కూడా 3.73 తప్ప ఇంకోటి పనికిరాదు. రేషియో కలవకుండా ఫోర్ వీల్ వేస్తే ముందు చక్రాలది ఒక లెక్క, వెనకవాటిది ఒక లెక్క, మధ్యలో ముందుకీ వెనక్కీ శక్తి పంచే ట్రాన్స్‌ఫర్ కేసు నలిగిపోతుంది. అలాగని స్టిక్కర్ ఒక్కదాన్నే నమ్మకూడదు, నలభై ఏళ్లలో ఎవరు ఏం మార్చారో ఎవరికి తెలుసు. రింగ్ గేర్ అంచు మీద 41, 11 అని కొట్టి ఉంటుంది, అంటే 41 పళ్ల రింగు, 11 పళ్ల పినియన్, భాగిస్తే 3.73. మన బండిలోనూ, కొనబోయేదాంట్లోనూ ఆ అంకెలే కనబడాలి.

ముందుగా వెళ్లింది పాత బండ్లు తుక్కుకి పెట్టే పెద్ద సెల్ఫ్ సర్వీస్ యార్డు. లోపలికి వెళ్లడానికి కొంచెం డబ్బు కట్టాలి, పానాలూ సాకెట్లూ మనవే, విప్పుకోవడం మన పనే. బండ్లని కంపెనీలవారీగా వరసలు పెట్టి, చక్రాల రిమ్ముల మీద ఎత్తి నిలబెడతారు కాబట్టి కిందికి దూరడం సులువు. ధర విషయంలో దీన్ని కొట్టేది లేదు. చిక్కంతా సరుకుతోనే, బండ్లు కొన్ని వారాలుండి అణగదొక్కే మెషిన్‌కి వెళ్లిపోతాయి, 1987 కంటే పాత పికప్ కనబడడమే అరుదు. వరసల్లో మాకు దొరికినవి రెండూ టూ వీల్ డ్రైవ్‌లు. వాటి హబ్‌కి, అంటే చక్రం బిగించే చోట, అయిదు బోల్టులు, మాదానికి ఆరు, కాబట్టి యాక్సిల్ మొత్తంగా తెచ్చి తగిలించలేం. లోపలి గేర్లు మాత్రం మా బండిలోలాంటివే, రింగు 8.5 అంగుళాలది, కావాలంటే విప్పి తెచ్చుకోవచ్చు. ఒకదానికి ఎవరో మాకంటే ముందే కవర్ తీసి, లోపల చూసి, నచ్చక అలాగే వదిలేసి పోయారు. తర్వాత వాన కురిసింది. పళ్ల మీద తుప్పు మచ్చలు, అడుగున నీళ్లు. గేరు పంటి మీద తుప్పు గుంట పడిందంటే అది శబ్దం చేయకుండా ఉండదు, ఆ గుంట దగ్గరే పొర లేస్తుంది కూడా. రెండోది 3.08. కవర్ బోల్టులు, బ్రేక్ పైపు క్లిప్పులు, పినియన్‌ని డ్రైవ్ షాఫ్టుకి కలిపే ఒక మంచి యోక్ తీసుకుని వచ్చేశాం. చిన్న సామాను కోసమైతే ఇలాంటి చోటికి మళ్లీ వెళ్తాను, గేర్ల కోసం మాత్రం పని గట్టుకుని వెళ్లను.

బోల్టుల లెక్క ఒక్కదానితో మోసపోవద్దు. మా యాక్సిల్‌ని, కవర్‌కి 10 బోల్టులు ఉన్నాయి కదా అని, టెన్ బోల్ట్ అనేస్తారు, కానీ ఎస్10 లాంటి చిన్న పికప్‌లలో వచ్చే 7.5 అంగుళాల దానికీ పదే. అంతకుముందు దశాబ్దపు అర టన్ను బండ్లలో వెనక 12 బోల్టులది చాలా కనబడుతుంది, అదీ మంచి యాక్సిలే, పైగా కొంచెం గట్టిది, కానీ దాని గేర్లు ఇందులో పట్టవు.

ఆ రాత్రి దిగింది హైవే దిగగానే ఉన్న మోటెల్. గది శుభ్రం, వేడినీళ్లు బ్రహ్మాండం, కౌంటర్ దగ్గర అమ్మాయి మర్యాదగా మాట్లాడింది, ఫిర్యాదు చేయడానికి ఏమీ లేదు, ఒక్క ట్రైలర్ విషయంలో తప్ప. పార్కింగ్ అంతా కార్లకే గీసి ఉంది, ట్రైలర్ అడ్డంగా పెడితే నాలుగు కార్ల చోటు పోతుంది, విప్పి విడిగా పెట్టడానికి ఒప్పుకోలేదు. చివరికి పక్కనున్న పెట్రోల్ బంకు వాళ్లని బతిమాలుకుని అక్కడ పెట్టాం, రాత్రంతా నాకు టెన్షనే. ఇలాంటి ప్రయాణంలో గది బుక్ చేసేటప్పుడు మంచం గురించి కాదు, ట్రైలర్ కట్టిన బండి వెనక్కి తీయకుండా తిరిగి బయటికి రాగలదా అని అడగాలి.

మర్నాడు వెళ్లింది విడి భాగాలు విప్పి, షెల్ఫుల్లో పెట్టి, కంప్యూటర్‌లో ఎక్కించి అమ్మే పెద్ద వ్యాపారం. పేరు చెప్పను. ఈ రకం వాళ్లందరూ హాలండర్ ఇంటర్‌ఛేంజ్ నంబర్లతో పని చేస్తారు. ఏ భాగం ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా, ఏ మోడళ్లలో కలుస్తుందో చెప్పే పద్ధతి అది, 1930ల నుంచీ ఉంది. మంచి ఏర్పాటే, ఫోన్‌లోనే "ఉంది, 3.73, ఫోర్ వీల్, గ్యారంటీ మూడు నెలలు" అని చెప్పేశారు. తీరా వెళ్తే యాక్సిల్ మీద తెల్ల మార్కర్‌తో 3.73 అని రాసి ఉంది, అంతే. ఏ బండిలోంచి తీశారంటే రికార్డులో లేదు, కవర్ తీసి చూడొచ్చా అంటే సీలు పోతుంది, గ్యారంటీ పోతుంది అన్నారు. సరే, తిప్పి చూస్తాం అన్నాం. డిఫరెన్షియల్ లాక్ లేని ఓపెన్ రకమైతే ఒక హబ్ కదలకుండా పట్టుకుని, రెండోదాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పి, ఆలోపు పినియన్ యోక్ ఎన్ని చుట్లు తిరిగిందో చూస్తే అదే రేషియో. నాలుగుకి కాస్త తక్కువ రావాలి. బావమరిది ఒక హబ్ పట్టుకున్నాడు, నేను సుద్దముక్కతో యోక్ మీద గీత గీసి తిప్పాను. మూడు దాటి కొంచెం కదిలి ఆగిపోయింది.

"బావా, ఇది మూడు పాయింట్ సున్నా ఎనిమిది" అన్నాడు వాడు, కౌంటర్ అబ్బాయికి వినబడేలాగే.

ఆ అబ్బాయి మార్కర్ రాతని ఒకసారి, మా సుద్ద గీతని ఒకసారి చూసి, కంప్యూటర్‌లో మాత్రం 3.73 అనే ఉందన్నాడు. గొడవ పడలేదు, కానీ గ్యారంటీ అనే మాట విలువ ఎంతో అక్కడ బాగా అర్థమవుతుంది. తప్పు సరుకైతే వెనక్కి తీసుకుంటారు, నిజమే, దాన్ని బండికింద ఎక్కించి దించిన కూలీ ఎవరిస్తారు? గ్యారంటీ కాగితం మీద ఆ సంగతి చిన్న అక్షరాల్లో ఉంటుంది, కూలీ వర్తించదు అని. కొత్త మోడళ్లకి, ప్రమాదంలో దెబ్బతిన్న బండ్ల నుంచి తీసిన ఇంజిన్లకి ఇలాంటి చోట్లు బాగుంటాయేమో, వయసైపోయిన పికప్‌కి నా ఓటు లేదు.

ఇక ఆఫ్ రోడ్ బండ్లకి గేర్లు మార్చే షాపు గురించి. ఇది చాలామందికి తట్టదు. పెద్ద టైర్లు వేసుకున్నవాళ్లు 3.73 తీయించి 4.10, ఇంకా ఎక్కువగా 4.56 వేయించుకుంటారు, తీసిన సెట్టు బాగానే ఉంటుంది, కొందరు తీసుకెళ్లరు కూడా. ఇలా విప్పిన సెట్లు ఆ షాపు వెనక గదిలో ఆయిల్ గుడ్డలో చుట్టి, షిమ్‌లు విడిగా సంచీలో వేసి, దేంట్లోంచి తీశారో చీటీ కట్టి ఉన్నాయి. రింగూ పినియనూ ఫ్యాక్టరీలో జంటగా అరగదీస్తారు, ఇద్దరికీ ఒకే నంబరు చెక్కుతారు, ఆ జంట విడిపోతే రెండూ తుక్కు కిందే లెక్క. ఆ షాపాయన లైటు కింద పెట్టి అడిగిందీ అడగనిదీ అన్నీ చూపించాడు. నంబర్లు కలవడం, పంటి మీద అరుగుదల మధ్యలో పడిందా అంచుకి పోయిందా, వేడికి నీలం రంగు తిరిగిందా, గోటితో గీస్తే తగిలే గాట్లున్నాయా. మా కారియర్‌కి, అంటే రింగ్ గేర్ బిగించే లోపలి చట్రానికి, పడుతుందా లేదా అని కూడా ఆయనే చెప్పాడు, ఈ 8.5లో 2.73 నుంచి పైకి ఉన్న రేషియోలన్నిటికీ ఒకటే కారియర్. రింగ్ గేర్ బోల్టులకి ఎడమ మర ఉంటుంది, తెలియక మామూలుగా తిప్పి తల తెంచేస్తారు, జాగ్రత్త అని హెచ్చరించాడు. మేం తిరిగిన వాటిలో సర్వీస్ అంటే ఇదీ అనిపించిన చోటు ఇదొక్కటే. బిగింపు కూడా ఆయనే చేస్తానన్నాడు, కానీ అపాయింట్‌మెంట్ చాలా దూరంలో ఉంది. ఆ సెట్టు పక్కన పెట్టమని చెప్పి కదిలాం, ఇంకో చోటు మిగిలి ఉంది కాబట్టి.

ఆ చివరి చోటు ఊరికి దూరంగా, పొలంలో పాత ట్రక్కులు మాత్రమే ఉంచిన యార్డు. షెల్ఫులు లేవు, కంప్యూటర్ లేదు, ఫోన్ చేస్తే మోగుతుంది కానీ ఎత్తరు, నేరుగా వెళ్లాలి. బండ్లు బండ్లుగానే ఉన్నాయి, గడ్డిలో కూరుకుపోయి, గ్లవ్ బాక్స్‌లో స్టిక్కర్లతో సహా. నా దృష్టిలో పాత గేర్లు కొనడంలో ఉన్న కిటుకంతా ఇదే, గేరు ఇంకా దాని బండికిందే ఉండాలి. స్టిక్కర్ ఒక మాట చెబుతుంది, ఓడోమీటర్ ఒకటి, వెనక హిచ్, అంటే ట్రైలర్ తగిలించే కొక్కెం, ఉందో లేదో ఇంకొకటి. రోజూ బరువు లాగిన బండో, చర్చికీ మార్కెట్‌కీ తిరిగిన బండో చూడగానే కొంత తెలిసిపోతుంది. అక్కడ 1986 కె10 ఒకటి, ముందు భాగం గుద్దుకుని పోయింది, వెనక భాగం చెక్కుచెదరలేదు, హిచ్ లేదు, స్టిక్కర్‌లో జీటీ4. యజమాని పెద్దాయన, కవర్ తీసి చూస్తామండీ అంటే తానే ట్రే తెచ్చి కింద పెట్టాడు. ఆయిల్ తేనె రంగులో ఉంది, మాడు వాసన లేదు, వేళ్ల మధ్య రుద్దితే ఇసుకలా తగల్లేదు. రింగు అంచు మీద 41, 11. యోక్‌ని పట్టి పైకీ కిందికీ ఊపితే కదలిక లేదు, అంటే పినియన్ బేరింగులు బాగున్నట్టే. వరసగా పళ్లన్నీ తిప్పి చూశాం, ఒక్క గాటు లేదు.

గేర్లు మాత్రమే విప్పుకుంటారా, మొత్తం పట్టుకుపోతారా అని అడిగాడాయన. మొత్తమే. సెట్టప్ కదలకుండా వస్తుంది, హబ్‌లు ఆరు బోల్టులవే, స్ప్రింగ్ కూర్చునే దిమ్మెలు మా బండిలోలాంటివే. యూ బోల్టులు గ్యాస్ టార్చితో కోయించుకున్నాం, అవి ఎలాగూ కొత్తవి వేయాలి. ఫోర్క్‌లిఫ్ట్‌తో ట్రైలర్ మీద పెట్టించాడు, దానికి విడిగా డబ్బు తీసుకోలేదు. ఆయిల్ అక్కడే వంపేసి, కవర్ మళ్లీ బిగించి, గాలి గొట్టానికి గుడ్డ కుక్కి కట్టాం. బేరం బాగా ఆడొచ్చు ఇక్కడ, కానీ నగదు ఉండాలి, రసీదు అడిగితే కాగితం ముక్క మీద రాసిస్తారు, గ్యారంటీ అనే ప్రసక్తే లేదు. ఏదైనా తేడా వస్తే మనదే భారం. అన్నీ విప్పి చూసుకోనిచ్చారు కాబట్టి నాకది అన్యాయం అనిపించలేదు. చూడ్డం రానివాళ్లు మాత్రం ఇక్కడికి ఒక్కళ్లే రావద్దు, గేర్ల షాపుకే వెళ్లండి, కాస్త ఎక్కువైనా నిద్ర పడుతుంది.

దిగడానికి యార్డుకి దగ్గరలో ట్రక్కులు ఆగే చోటు పక్కనే ఒక సాదా లాడ్జి దొరికింది. గది పాతది, కిటికీ సరిగా మూతపడదు, రాత్రంతా డీజిల్ ఇంజిన్ల మోత. అయినా నేను మొదటి మోటెల్ కంటే దీనికే ఎక్కువ మార్కులు వేస్తాను. ట్రైలర్ గది ఎదురుగానే, దీపం కింద, మళ్లీ తిప్పుకోవడానికి బోలెడు చోటు. చేతులకంటిన గేర్ ఆయిల్ గంధకం వాసన సబ్బుకి పోదు, అక్కడి బాత్రూంలో డ్రైవర్ల కోసం పెట్టిన గరుకు పేస్టు ఉంది, దాంతో పోయింది. వాళ్ల తెల్ల తువ్వాళ్లు ముట్టుకోకుండా మా పాత గుడ్డలే వాడాం.

రవాణా కంపెనీని కూడా అడిగి చూశాం, యాక్సిల్‌ని వాళ్లే ఇంటికి చేరుస్తారా అని. చేరుస్తారు, కానీ ఆయిల్ పూర్తిగా ఖాళీ చేసి, చెక్క ప్యాలెట్‌కి స్టీలు పట్టీలతో బిగించి ఇవ్వాలి, ఇంటికి కాక వాళ్ల డిపోకి తెప్పించుకుంటే చవక. ట్రైలర్ లేనివాళ్లకి ఇదే మేలు. మాకు ట్రైలర్ ఉంది కాబట్టి రాట్చెట్ పట్టీలతో నాలుగు మూలలా బిగించి, మొదటి పెట్రోల్ బంకులో ఆగి మళ్లీ బిగించాం, కొంచెం దూరం వెళ్లాక పట్టీలు ఎప్పుడూ వదులవుతాయి.

బండికింద పెట్టేముందు చక్రాల బేరింగులు, సీళ్లు, పినియన్ సీలు మార్చాను. పినియన్ సీలు మార్చేటప్పుడు నట్టు ఎక్కడుందో గుర్తు పెట్టి మళ్లీ అక్కడికే తేవాలి, ఎక్కువ బిగిస్తే బేరింగుల మధ్య ఉండే క్రష్ స్లీవ్ అనే గొట్టం నలిగి ప్రీలోడ్ మారిపోతుంది. 80డబ్ల్యూ-90 గేర్ ఆయిల్ పోశాను, డబ్బా మీద జీఎల్-5 అని ఉండాలి, ఈ రకం గేర్లలో పళ్లు ఒకదాని మీద ఒకటి జారుతూ తిరుగుతాయి, మామూలు ఆయిల్ ఆ ఒత్తిడికి నిలవదు. ఊళ లేదు. గేర్ల షాపాయనకి ఫోన్ చేసి ఆ సెట్టు వేరేవాళ్లకి ఇచ్చేయమన్నాను. పాత యాక్సిల్‌లోంచి షాఫ్టులు, బ్రేక్ డ్రమ్ములు విప్పి దాచుకుని, మిగతాది తుక్కుకి వేశాను.