1.3 అంగుళాల ఓఎల్ఈడీ కొంటున్నారా? అమ్మకం పేజీలో రాసిన చిప్ పేరును నమ్మకండి

"ఎస్‌ఎస్‌డీ1306, 128×64, ఎస్‌పీఐ, 7 పిన్లు" అని రాసి అమ్ముతుంటే ఆన్‌లైన్‌లో ఒక సెల్లర్ దగ్గర 1.3 అంగుళాల డిస్‌ప్లే తీసుకున్నాను. వచ్చిన బోర్డులో స్క్రీన్‌ని నడిపే చిప్ ఎస్‌ఎస్‌డీ1306 కాదు, ఎస్‌హెచ్1106. చిప్ గాజుకే అతికించి ఉంటుంది, పేరు కనపడదు. కాబట్టి పైకి చూసి కనిపెట్టడం ఎవరి వల్లా కాదు.

నా దగ్గర ఐ2సీ (రెండు వైర్లతో డేటా పంపే పద్ధతి) మీద చక్కగా నడిచే చిన్న డ్రైవర్, అంటే స్క్రీన్‌కి బొమ్మ పంపే కోడ్, ఉంది. దానికి ఎస్‌పీఐ (ఇంకా వేగంగా పంపే పద్ధతి) కలుపుదామని ఈ బోర్డు తెప్పించాను. స్క్రీన్ మొత్తానికి 1024 బైట్లు. 400 కిలోహెర్ట్జ్ ఐ2సీలో ఒక్క ఫ్రేమ్ వెళ్లడానికే 23 మిల్లీసెకన్లు దాటుతుంది, 8 మెగాహెర్ట్జ్ ఎస్‌పీఐలో ఒక మిల్లీసెకను చాలు. పని కూడా పెద్దదేం కాదు. డీసీ (డేటా/కమాండ్) పిన్ లోలో ఉంటే కమాండ్, హైలో ఉంటే డేటా, అంతే తేడా.

కానీ స్క్రీన్ నిండా చుక్కలు, మధ్యలో ఒక అడ్డపట్టీలో మాత్రం ఏదో కలగాపులగం. కొత్తగా రాసిన కోడ్ ఉన్నప్పుడు ఎవరైనా దాన్నే అనుమానిస్తారు కదా! క్లాక్ తగ్గించడం, మోడ్ మార్చడం, వైర్లు పీకి మళ్లీ పెట్టడం... పోయిన డబ్బు కంటే ఈ సాయంత్రాలే ఎక్కువ బాధ. పైగా ఈ నాలుగు వైర్ల ఎస్‌పీఐలో డిస్‌ప్లేకి రాయడమే కానీ దాని నుంచి చదవడం ఉండదు, "నువ్వెవరు?" అని చిప్‌ని అడిగే దారే లేదు.

తేడా ఎక్కడంటే, ఎస్‌ఎస్‌డీ1306ని హారిజాంటల్ మోడ్‌లో పెట్టి 1024 బైట్లూ ఒకే దెబ్బలో పంపితే పేజీ (ఎనిమిది పిక్సెల్ వరుసల పట్టీ) తర్వాత పేజీ అదే నింపుకుంటుంది. ఎస్‌హెచ్1106కి ఆ మోడ్ లేదు, పేజీ దాటదు. దాని మెమరీ వెడల్పు కూడా 132 కాలమ్‌లు, 128 కాలమ్‌ల స్క్రీన్‌కి ఇరువైపులా రెండేసి మిగులుతాయి.

డిస్‌ప్లేల కోసం ఉన్న యూ8జీ2 లైబ్రరీతో ఇది తేలిగ్గా తేలిపోతుంది, అది పేజీలను విడివిడిగానే పంపుతుంది. వైర్లు కదపకుండా ఎస్‌హెచ్1106 ఎంచుకుంటే బొమ్మ శుభ్రంగా వచ్చింది. ఎస్‌ఎస్‌డీ1306 ఎంచుకుంటే రెండు కాలమ్‌లు పక్కకి జరిగి, అంచున చెత్త గీత.

సెల్లర్‌కి ఫొటోలతో సహా చెబితే "వెలుగుతోంది కదా సార్, మీ ప్రోగ్రామ్ చూసుకోండి" అన్నాడు. గట్టిగా అడిగితే దాని బదులు ఇంకో బోర్డు పంపాడు. అది ఇంకో తంటా! ఆరు పిన్లే ఉన్నాయి, సీఎస్ (ఈ బైట్లు నీకే అని చిప్‌కి చెప్పే పిన్) లేదు. సీఎస్‌ని బోర్డులోనే గ్రౌండ్‌కి కలిపేశారు. అవే ఎస్‌పీఐ వైర్ల మీద ఎస్‌డీ కార్డు కూడా పెడితే, కార్డుకి పంపే బైట్లన్నీ డిస్‌ప్లే కూడా మింగేస్తుంది.

కొనేముందు బోర్డు వెనక ఫొటో అడగండి. 7 పిన్లు, వాటిలో సీఎస్ ఉన్నాయో లేదో చూడండి. ఎస్‌ఎస్‌డీ1306 తప్పనిసరి అయితే 0.96 అంగుళాలది చూసుకోవడం మేలు, 1.3లో ఎక్కువగా వచ్చేది ఎస్‌హెచ్1106నే.

ఇప్పటికే చేతికొచ్చి ఉంటే పారేయక్కర్లేదు. ఒక్కో పేజీకి విడిగా పేజీ నంబరు పంపి, కాలమ్‌ని 2 నుంచి మొదలుపెట్టి 128 బైట్లు రాయండి, ఎనిమిది పేజీలూ అలాగే. వాపసు చేయాలనుకుంటే మాత్రం కారణం దగ్గర "పనిచేయడం లేదు" అని పెట్టకండి, స్క్రీన్ వెలిగించి చూపించి తిప్పికొడతారు. "చెప్పిన వస్తువు కాదు" అనే పెట్టి, యూ8జీ2 ఫొటోలు రెండూ జతచేయండి.