ఎంపైర్ బే రోడ్ల మీద పదేళ్లకు పైగా: మాఫియా 2లోని కార్లు, రేడియో

మాఫియా 2 అనే వీడియో గేమ్‌ను నేను మొదటిసారి 2012లో ఆడాను. అప్పటి నుంచి కథను మొదలు నుంచి చివరి దాకా ఏడుసార్లు పూర్తి చేశాను. నచ్చిన అధ్యాయాలను విడిగా ఎన్నిసార్లు ఆడానో లెక్క పెట్టుకోలేదు. తుపాకీ పోరాటాల్లో ఎవరు ఏ గోడ వెనుక నుంచి వస్తారో ఎప్పుడో కంఠతా వచ్చేసింది. కథలోని మలుపులు కూడా ఇప్పుడు ఆశ్చర్యపరచవు. అయినా ప్రతి చలికాలం ఈ ఆటను మళ్ళీ తెరవడానికి కారణం అందులోని కార్లు, ఆ కార్లలో మోగే రేడియో. ఆట 2010 ఆగస్టులో వచ్చింది, 2020లో మెరుగుపరచిన రూపంలో మళ్ళీ విడుదలైంది. నేను రెండింటినీ ఆడాను. ఇక్కడ చెప్పేది రెండింటికీ వర్తిస్తుంది.

న్యూయార్క్‌ను ప్రధానంగా పోలి, మరికొన్ని అమెరికా నగరాల ఛాయలు కలిసిన ఎంపైర్ బే అనే కల్పిత నగరంలో కథ నడుస్తుంది. రెండో ప్రపంచ యుద్ధంలో సిసిలీలో గాయపడిన వీటో స్కలెట్టా 1945 ఫిబ్రవరిలో ఇంటికి వస్తాడు. బాల్యమిత్రుడు జో బార్బరోతో కలిసి నేరాల్లోకి దిగుతాడు, జైలుకు వెళ్తాడు, 1951 వసంతంలో బయటికి వస్తాడు. ఆటంతా ఈ రెండు కాలాల మధ్య రెండు ముక్కలుగా ఉంటుంది. జైలులో గడిచిన ఆరేళ్లను మనకు ఎవరూ వివరించి చెప్పరు. వీధిలో నిలిపి ఉన్న కార్ల ఆకారం, రేడియోలో వినిపించే పాట, ఈ రెండే ఆ పని చేస్తాయి. ఈ ఆట గొప్పతనం నాకు ఇక్కడే కనిపిస్తుంది.

మొదట 1945 గురించి చెప్పాలి. తొలిసారి ఆడినప్పుడు ఆ వీధుల్లోని కార్లన్నీ మరీ పాతకాలంవిగా కనిపించి, నిర్మాతలు ఒక పదేళ్లు వెనక్కి వెళ్లారేమో అనుకున్నాను. పొరపాటు నాదే. 1942 ఫిబ్రవరిలో అమెరికాలో ప్రజలకు అమ్మే కార్ల తయారీ పూర్తిగా ఆగిపోయింది; కర్మాగారాలన్నీ ట్యాంకులకు, విమానాలకు, సైనిక ట్రక్కులకు మళ్ళాయి. మళ్ళీ మామూలు కార్లు బయటికి రావడం 1945 జులైలో గానీ మొదలు కాలేదు. అంటే వీటో రైలు దిగే నాటికి మూడేళ్లుగా దేశంలో సామాన్యుడికి కొత్త కారు అంటూ లేదు. ఉన్నవాటినే అతుకులు వేసుకుంటూ, టైర్లు అరిగిపోకుండా చూసుకుంటూ జనం నడుపుకున్నారు. ఆటలో షూబర్ట్ 38 అనే కారు అడుగడుగునా కనిపిస్తుంది. పేరు కల్పితమే గాని ఆకారం 1930ల చివరినాటి షెవర్లే కంపెనీ కారుదని చూడగానే తెలుస్తుంది. ఉబ్బెత్తుగా విడిగా నిలిచిన మడ్‌గార్డులు, తలుపుల కింద కాలు పెట్టి ఎక్కడానికి ఫుట్‌బోర్డు, మధ్యలో సన్నని కమ్మీతో రెండు ముక్కలుగా ఉండే ముందు అద్దం. నిజమైన కంపెనీ పేర్లు వాడకుండానే కాలాన్ని ఇంత కచ్చితంగా పట్టుకున్నందుకు ఆ బొమ్మలు గీసినవాళ్లను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటున్నాను.

ఆ కారు నడిపే తీరు కూడా అలాగే ఉంటుంది. సెట్టింగుల్లో డ్రైవింగ్‌ను మామూలు పద్ధతి నుంచి, కారు నిజమైన కారులా ప్రవర్తించే సిమ్యులేషన్ పద్ధతికి మార్చి ఆడితేనే దాని రుచి తెలుస్తుంది. మార్చకుండా ఆడేవారు సగం ఆటను వదులుకున్నట్టే. మంచు పరచుకున్న రోడ్డు మీద ఎక్సలరేటర్ ఒక్కసారిగా నొక్కితే వెనుక చక్రాలు ఉన్నచోటే తిరుగుతాయి, బండి తోక పక్కకు జారుతుంది. బ్రేకు వేసిన చాలాసేపటికి గాని బండి ఆగదు, ఎందుకంటే అవి డ్రమ్ బ్రేకుల రోజులు, ఆ టైర్లు ఈనాటి టైర్లు కావు. కీబోర్డుతో ఇది చాలా కష్టం. అనలాగ్ ట్రిగ్గర్ ఉన్న గేమ్‌ప్యాడ్ కొన్నాక, పెడల్‌ను వేలితో కొద్దికొద్దిగా నొక్కడం అలవాటయ్యాక, మూడోసారి ఆడుతున్నప్పుడు మాత్రమే నేను కొండవాలు మలుపుల్లో కారు ఎక్కడా తగలకుండా దిగగలిగాను.

ఈ చలికాలపు భాగంలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది పెట్రోలు రేషన్ కూపన్ల ఘట్టం. 1942 చివరి నుంచి 1945 ఆగస్టు వరకు అమెరికా అంతటా పెట్రోలుకు రేషన్ ఉండేది. కారు అద్దానికి అంటించిన చీటీ మీది అక్షరాన్ని బట్టి కోటా ఇచ్చేవారు; మామూలు కుటుంబానికి వచ్చే ‘A’ అక్షరం చీటీకి వారానికి దక్కేది మూడు, నాలుగు గ్యాలన్లు. రోడ్ల మీద గంటకు 35 మైళ్లు మించకూడదని యుద్ధకాలపు వేగపరిమితి కూడా పెట్టారు. పెట్రోలు ఆదాతో పాటు రబ్బరు ఆదా కూడా దాని ఉద్దేశం, ఎందుకంటే జపాన్ ఆక్రమణ వల్ల ఆగ్నేయాసియా నుంచి రబ్బరు రావడం ఆగిపోయింది. ఆటలో వీటో ధరల నియంత్రణ కార్యాలయం నుంచి ఈ కూపన్లను దొంగిలిస్తాడు. తీరా చూస్తే వాటి గడువు ఆ అర్ధరాత్రితో ముగుస్తుందని తెలుస్తుంది. ఇక రాత్రివేళ మంచులో పెట్రోలు బంకు నుంచి పెట్రోలు బంకుకు పరుగు. వేగంగా పోతే జారుతుంది, పోలీసు కంట పడితే ఆపుతాడు, నెమ్మదిగా పోతే గడువు దాటుతుంది. చరిత్ర, బండి బరువు, చేతిలోని గేమ్‌ప్యాడ్ మూడూ ఒకే ముడిలో బిగుసుకున్న ఇలాంటి ఘట్టాన్ని నేను మరే ఆటలోనూ చూడలేదు. వీటోను జైలుకు పంపేది కూడా చివరికి ఆ కూపన్ల అమ్మకమే.

చిన్న చిన్న విషయాల్లో చూపిన శ్రద్ధ కూడా చెప్పుకోదగ్గదే. మరమ్మతు షెడ్డు ముందు కారు ఆపి హారన్ కొడితే తలుపు పైకి లేస్తుంది. లోపల రంగు మార్చవచ్చు, చక్రాలు మార్చవచ్చు, ఇంజిన్‌కు పదును పెట్టించవచ్చు, నంబరు ప్లేటు మార్చుకోవచ్చు. పోలీసులు మనిషిని వెతకడం వేరు, బండిని వెతకడం వేరు. బట్టలు మార్చితే మనిషి తప్పించుకుంటాడు, ప్లేటు మార్చితే బండి తప్పించుకుంటుంది. దారిలో ఇంజిన్ ఆగిపోతే దిగి బానెట్ ఎత్తి, కదిలేంత వరకు బాగు చేసుకోవచ్చు. తొందర లేని రోజున ఈ పనులన్నీ ఒక్కొక్కటిగా చేసుకుంటూ పోతే కారు మన సొంతమన్న భావన వస్తుంది.

రేడియో సంగతికి వస్తే, ఆటలో మూడు స్టేషన్లు ఉన్నాయి: ఎంపైర్ సెంట్రల్, ఎంపైర్ క్లాసిక్, డెల్టా. 1945లో వాటిలో బిగ్ బ్యాండ్ స్వింగ్ అనే పెద్ద వాద్యబృందాల జాజ్ సంగీతం, ముగ్గురు నలుగురు గొంతులు కలిపి పాడే పాటలు, మధ్యలో యుద్ధ వార్తలు వినిపిస్తాయి. ఐరోపాలో సైన్యాలు ఎంత దూరం వచ్చాయో చదువుతున్న గొంతు వింటూ, మంచు కురుస్తున్న వంతెన మీద నెమ్మదిగా పోతుంటే, యుద్ధం నుంచి ఇప్పుడే తిరిగి వచ్చిన మనిషి ఆ వార్తలను ఏ మనసుతో వింటాడో అన్న ఆలోచన నాకు ప్రతిసారీ వస్తుంది. ఆ విషయం గురించి వీటో ఒక్క మాటా మాట్లాడనవసరం లేదు.

ఒక చిన్న లోటు చెప్పాలి. తలుపు మూసిన క్షణంలోనే పాట స్పష్టంగా మొదలవుతుంది. ఆ రోజుల్లో కారు రేడియోలు వాల్వులతో పనిచేసేవి, అవి వేడెక్కడానికి కొంత సమయం పట్టేది. మా తాతగారింట్లో ఒక వాల్వు రేడియో ఉండేది. మీట తిప్పాక డయలు వెనుక పసుపు వెలుతురు వచ్చి, కొంతసేపటికి గుర్రుమన్న చప్పుడు, ఆ తరువాత దూరం నుంచి నడిచి వస్తున్నట్టుగా గొంతు వినిపించేది. ఆ కొన్ని క్షణాల నిశ్శబ్దం ఈ ఆటలో ఉండి ఉంటే ఎంత బాగుండేదో అని వాల్వు రేడియో విని పెరిగిన నాకు అనిపిస్తుంది.

ఇక 1951. జైలు నుంచి బయటికి వచ్చి కారెక్కిన తొలి నిమిషాలు ఈ ఆటలోని ఉత్తమ క్షణాల్లో ఒకటి. మంచు లేదు, చెట్లు పచ్చగా ఉన్నాయి, కార్ల మడ్‌గార్డులు బాడీలో కలిసిపోయి పక్కలు నున్నగా అయ్యాయి, ఫుట్‌బోర్డులు మాయమయ్యాయి, రంగులు పెరిగాయి, క్రోమియం మెరుస్తోంది. కారు ముందుకంటే తేలికగా కదులుతుంది, రోడ్డు పొడిగా ఉంది కాబట్టి బ్రేకు మాట వింటుంది. మన చేతులకు ఆరేళ్ల తేడా తెలుస్తుంది.

ఈ కాలపు కార్లలో నా అభిమానం హ్యూస్టన్ వాస్ప్ మీద. ఇది హడ్సన్ హార్నెట్ అనే నిజమైన కారుకు ప్రతిరూపం అనడంలో సందేహం లేదు. హార్నెట్ 1951 మోడలుగానే వచ్చింది కాబట్టి కాలం కూడా సరిగ్గా కుదిరింది. ఆ కారు నేలను ఛాసిస్ చట్రం మీద కాక, చట్రం మధ్యలోకి దించి కట్టారు. ఎక్కేవారు ఒక మెట్టు కిందికి దిగినట్టు లోపలికి దిగాలి. బరువు కిందికి చేరడం వల్ల మలుపుల్లో అది ఒరగదు. దాదాపు 5 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజిన్‌తో ఆ కంపెనీ కార్లు 1952లో నాస్కార్ అనే అమెరికా కార్ల పందేల పోటీల్లో 34 పందేల్లో 27 గెలిచాయి. ఆటలో వాస్ప్‌ను సిమ్యులేషన్ పద్ధతిలో నడిపితే, అంత పొడవైన కారు మలుపులో అంత నిబ్బరంగా ఎలా నిలుస్తుందో అర్థమవుతుంది. కాలానికి, ఆకారానికి, నడకకు మూడింటికీ న్యాయం చేసిన కారు ఇది.

అన్ని కార్ల విషయంలో ఈ మాట చెప్పలేను. షూబర్ట్ ఫ్రిగేట్ చూడండి. అది స్పష్టంగా షెవర్లే వారి స్పోర్ట్స్ కారు కార్వెట్ తొలి రూపం. కార్వెట్‌ను జనం ముందు పెట్టింది 1953 జనవరిలో. ఆ ఏడాది చేసినవి 300 మాత్రమే, అన్నీ తెల్లవే. 1951 వీధిలో అది ఉండడానికి వీల్లేదు. ఐఎస్‌డబ్ల్యూ 508 మరీ దూరం, అది 1950ల రెండో సగంలో వచ్చిన బీఎండబ్ల్యూ 507ను తలపిస్తుంది. వేగమైన కార్లు కావాలన్న కోరిక ఇక్కడ చరిత్రను పక్కకు నెట్టింది. 1945 భాగంలో ఈ జారుబాటు ఇంతగా కనిపించదు. ఆ కాలంలో కొత్త కార్లే లేవు కాబట్టి ఆశపడడానికి అవకాశం తక్కువ.

సంగీతంలో ఈ లోపం ఇంకా ఎక్కువ. వీటో మంచులో ఇంటికి చేరే ఘట్టంలో డీన్ మార్టిన్ గొంతులో మంచు కురవాలని కోరుకునే పాట వినిపిస్తుంది. ఆ పాట రాసిందే 1945 జులైలో, మండుటెండలో; డీన్ మార్టిన్ దాన్ని రికార్డు చేసింది 1959లో. ఘట్టం జరిగేది 1945 ఫిబ్రవరిలో. అయినా ఆ ఘట్టంలో దాన్ని తప్పు పట్టబుద్ధి కాదు, ఎందుకంటే అక్కడ పాట రేడియో పాటగా కంటే ఇంటికి చేరిన మనసుగా పనిచేస్తుంది. 1951 రేడియో సంగతి అలా కాదు. అందులో బడ్డీ హాలీ బృందం 1957లో చేసిన పాట ఉంది, కార్డెట్స్ అనే గాయనీ బృందం 1954లో పాడిన పాట ఉంది. పదేళ్ల రాక్ అండ్ రోల్‌ను ఒక్క ఏడాదిలోకి కుక్కారు.

నిజమైన 1951లో సరుకు లేక ఇలా చేశారంటే ఒప్పుకోను. ఆ ఏడాది మార్చిలో మెంఫిస్‌లో ఐక్ టర్నర్ బృందం ఒక ఓల్డ్స్‌మొబైల్ కారును పొగుడుతూ ‘రాకెట్ 88’ రికార్డు చేసింది. రాక్ అండ్ రోల్ తొలి రికార్డుల్లో ఒకటిగా దాన్ని చాలామంది చెబుతారు. అదే ఏడాది జులైలో అలన్ ఫ్రీడ్ అనే రేడియో వ్యాఖ్యాత క్లీవ్‌లాండ్ రేడియోలో రాత్రివేళ రిథమ్ అండ్ బ్లూస్ పాటలు వేయడం మొదలుపెట్టాడు. కారు గురించిన పాట, కారులో వినే రేడియో, సరిగ్గా ఆ ఏడాదిలోనే. కార్లూ రేడియో ప్రాణంగా ఉన్న ఈ ఆటలో, ఇన్నేళ్లలో ఆ పాట నాకు ఒక్కసారి కూడా వినిపించలేదు. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

అయితే ఆ తప్పుల్లో కూడా ఒక తర్కం ఉందని ఒప్పుకోవాలి. జైలు నుంచి వచ్చినవాడికి లోకం తలకిందులైనట్టు అనిపించాలి. 1945 స్వింగ్‌కు, 1951 నాటి అసలు పాటలకు మధ్య తేడా చెవి నలిగినవారికే తెలుస్తుంది. 1957 గిటారు మాత్రం ఎవరికైనా వెంటనే తెలుస్తుంది. తొలిసారి ఆడినప్పుడు నేను కూడా తేదీలు చూడలేదు, కొత్త కాలం వచ్చిందని మాత్రమే అనుకున్నాను.

తీర్చలేని లోటు మరొకటి ఉంది. ఇంత అందమైన నగరం, ఇన్ని కార్లు ఇచ్చి, ఊరికే తిరగడానికి విడిగా ఒక మార్గం ఇవ్వలేదు. కథ ముగిస్తే ఆట ముగిసినట్టే. నేను కనిపెట్టుకున్న ఉపాయం, మూడో అధ్యాయాన్ని తెరిచి, పని అప్పగించిన చోటికి వెళ్లకుండా తిరగడం. పటాన్ని తెర మీద నుంచి తీసేస్తాను, వేగాన్ని అదుపులో ఉంచే మీటను వేసుకుంటాను, ఎర్ర దీపం దగ్గర ఆగుతాను. షూబర్ట్ 38 నెమ్మదిగా వాలు ఎక్కుతుంది. వార్తలు అయిపోయి పాట మొదలయ్యేసరికి సాధారణంగా రేవు దగ్గరికి చేరుకుంటాను, అక్కడ ఇంజిన్ ఆపకుండా పాట పూర్తయ్యేదాకా కూర్చుంటాను.