గేరా, బోజ్ ఉయా: ఏ గుడారం మేలు?

ఫొటోల్లో చూస్తే మంగోలుల గేర్, కిర్గిజుల బోజ్ ఉయ్ అక్కాచెల్లెళ్లలా ఉంటాయి. గుండ్రటి గోడ, పైన ఉన్ని కప్పు, నడినెత్తిన పొగ పోయే కంత. లోపలికి అడుగుపెట్టి తలెత్తితేనే తేడా తెలుస్తుంది. గేర్‌లో నెత్తిన ఉండే చక్రం, అంటే తోనో, బరువైనది. దాన్ని రెండు నిట్రాడలు మోస్తాయి. బోజ్ ఉయ్‌లో ఒక్క గుంజ కూడా ఉండదు. కింది కొసన వంపు తిరిగిన వాసాలే ఒకదాన్నొకటి బిగించుకుని తుందుక్ అనే చక్రాన్ని పైకెత్తి పట్టుకుంటాయి. గేర్ వాసాలు తిన్నగా ఉంటాయి కాబట్టి కప్పు పొట్టిగా, వాలు తక్కువగా ఉంటుంది. కిర్గిజుల కప్పు బాగా ఎత్తు.

ఈ తేడా వాళ్లుండే నేలకు సరిపోయేదే. మంగోలియా మైదానంలో గాలికి అడ్డే లేదు. పొట్టి కప్పు ఆ గాలికి తలొంచి నిలుస్తుంది. కిర్గిజ్‌స్తాన్‌లోని తియాన్‌షాన్ కొండల్లో వేసవిలోనూ వానలు పడతాయి, అప్పుడప్పుడు మంచూ కురుస్తుంది. వాలు ఎక్కువైతే నీళ్లు ఉన్నిలో ఇంకకుండా జారిపోతాయి.

చలికాలం గడపడానికైతే నా ఓటు గేర్‌కే, అనుమానం లేదు. జనవరిలో మంగోలియా రాజధాని ఉలాన్‌బాతర్‌లో మైనస్ 30 డిగ్రీలు మామూలు. పొట్టి కప్పు కింద వేడెక్కాల్సిన గాలి తక్కువ. నడిమధ్య ఇనప పొయ్యి, దాని గొట్టం తోనోలోంచి బయటికి. చలి ముదిరితే పైన ఇంకో వరస ఉన్ని కప్పుతారు. పశువుల కాపరుల కుటుంబాలు ఏడాది పొడవునా అందులోనే ఉంటాయి. సోలార్ పలక, టీవీ డిష్ కూడా పెట్టుకుంటాయి. అది ప్రదర్శనకు పెట్టిన పాత వస్తువు కాదు, కాపురం ఉండే ఇల్లు. ఆ ఇంటికో మర్యాద ఉంది: గడప తొక్కకూడదు, రెండు నిట్రాడల మధ్య నుంచి నడవకూడదు.

గేర్‌కో చీకటి కోణం కూడా ఉంది. 'జుద్' అనే భయంకరమైన శీతాకాలం వస్తే మందలకు మందలే చచ్చిపోతాయి. 2009-10 జుద్‌లో దేశంలోని పశువుల్లో దాదాపు ఐదోవంతు పోయాయి. అలా మందలు పోగొట్టుకున్నవాళ్లు చాలామంది గేర్ మడిచి తెచ్చి ఉలాన్‌బాతర్ అంచున వేసుకున్నారు. అక్కడ ఎండు పేడ దొరకదు, బొగ్గే దిక్కు. ఆ పొగ తట్టుకోలేకే 2019లో నగరంలో ముడి బొగ్గు కాల్చడాన్ని నిషేధించారు.

పనితనం దగ్గరికొస్తే మాత్రం బోజ్ ఉయ్ ముందు గేర్ నిలవదు. గోడ తడికల చుట్టూ చియ్ అనే గడ్డిపుల్లల చాప కడతారు. ఒక్కో పుల్లకీ విడివిడిగా, లెక్క ప్రకారం రంగు ఉన్ని చుడతారు. అన్నీ పక్కపక్కన చేర్చి అల్లాకే ముగ్గు బయటపడుతుంది. ఒక్క పుల్ల లెక్క తప్పినా ఆ చోట గీత చెదురుతుంది. కింద పరిచే షిర్దక్ తయారీ ఇంకా తెలివైనది. రెండు రంగుల ఉన్ని పట్టలను ఒకదానిమీద ఒకటి పెట్టి ఒకేసారి కోసి, ముక్కలు అటుదిటు ఇటుదటు మార్చి కుడతారు. వృథా దాదాపు ఉండదు, ఒకే కోతకు రెండు తివాచీలు. ఈ కళ అంతరించిపోకుండా వెంటనే కాపాడాలంటూ యునెస్కో 2012లోనే జాబితాకెక్కించింది. తుందుక్ అయితే కిర్గిజ్‌స్తాన్ జెండా నడిమధ్యలోనే ఉంది.

అయితే నేటి బోజ్ ఉయ్ ప్రధానంగా వేసవి ఇల్లు. 1930లలో సోవియట్ పాలన కిర్గిజులను ఊళ్లలో స్థిరపరిచింది. ఇప్పుడు సోన్‌కోల్ సరస్సు లాంటి, మూడు వేల మీటర్ల ఎత్తున ఉన్న పచ్చికబయళ్లలో జూన్ నుంచి సెప్టెంబరు దాకా వేస్తారు, చలి మొదలవగానే విప్పి కొండ దిగుతారు. అలాగని పర్యాటకుల కోసమే మిగిలిందనుకోకండి. ఇంట్లో ఎవరైనా పోతే పక్కా ఇల్లున్నా సరే, పెరట్లో బోజ్ ఉయ్ వేసి శవాన్ని అందులో ఉంచే ఆచారం నేటికీ ఉంది.

వెళ్లి చూడాలనుకునే మనవాళ్లకు కిర్గిజ్‌స్తానే సులువు. బిష్కెక్‌లో మెడిసిన్ చదివే తెలుగు పిల్లలు బోలెడంతమంది. పిల్లల్ని చూడ్డానికి వెళ్లే తల్లిదండ్రులు వేసవి చూసుకుని వెళ్తే సోన్‌కోల్‌లో ఓ రాత్రి ఉండి రావచ్చు. మంగోలియాలో దూరాలెక్కువ, రోడ్లు తక్కువ. కానీ గుడారంలో నిజంగా కాపురం ఎలా సాగుతుందో చూడాలంటే అక్కడికే వెళ్లాలి.

రెండూ ఒకే దేశంలో కావాలంటే పశ్చిమ మంగోలియాలోని బయాన్-ఓల్గీ ఉంది. ఆల్తాయ్ కొండల మధ్య ఉండే ఈ రాష్ట్రంలో ఎక్కువమంది కజక్‌లు. వాళ్ల గుడారం కిర్గిజుల తీరులోనే ఎత్తుగా, నిట్రాడలు లేకుండా ఉంటుంది. లోపల గోడలకు ఎంబ్రాయిడరీ చేసిన పెద్ద పెద్ద తెరలు వేలాడతాయి. చలికాలానికి ఏది మేలన్న ప్రశ్నకు వాళ్ల దగ్గరా జవాబుంది: శీతాకాలం రాగానే ఆ అందమైన ఎత్తు గుడారాన్ని మడిచేసి, మట్టి గోడల ఇళ్లలోకి మారిపోతారు.