ఫ్రిజ్ అక్కరలేని మందు: ఎం.ఎస్.కు డైమిథైల్ ఫ్యూమరేట్ వాడిన అనుభవం

ఒంటి రోగనిరోధక శక్తే మెదడు, వెన్నుపాములోని నరాల పైపొరను దెబ్బతీసే జబ్బు మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎం.ఎస్.). దానికి నేను కొన్నేళ్ళుగా వాడుతున్న డైమిథైల్ ఫ్యూమరేట్ క్యాప్సూళ్ళలో అన్నిటికన్నా నచ్చిన గుణం, వాటిని ఫ్రిజ్‌లో పెట్టనక్కరలేకపోవడం. పలాస దగ్గరి పల్లెలో ఉండే నాకు ఇది చిన్న విషయం కాదు.

అంతకుముందు వారానికొకసారి ఇంటర్‌ఫెరాన్ బీటా-1ఏ ఇంజెక్షన్ వేసుకునేవాడిని. ఆ రాత్రి జ్వరం, ఒళ్ళునొప్పులు వచ్చినా జబ్బు తిరగబెట్టడం తగ్గింది కనుక మందును తప్పుపట్టలేను. దాన్ని 2 నుంచి 8 డిగ్రీల మధ్య నిలవ ఉంచడమే కష్టం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మా ఉద్దానం ప్రాంతం మీద విరుచుకుపడి, కొబ్బరి, జీడి తోటలతో పాటు కరెంటు స్తంభాలనూ కూల్చేసింది. రోజుల తరబడి కరెంటు లేదు. అన్నయ్య చేపల వ్యాపారుల దగ్గర థర్మకోల్ పెట్టె, ఐసు సంపాదించి తెచ్చాడు. ఆ మందు వేడెక్కినా, గడ్డకట్టినా పనికిరాదు కనుక, సిరంజిలకు తువ్వాలు చుట్టి ఐసు తగలకుండా ఉంచి, వదిన రాత్రుళ్ళు కూడా లేచి చూసేది. తర్వాత ఐసు కూడా దొరకలేదు. ఫ్యాను లేని ఉక్కలో నా కాళ్ళు బరువెక్కి, చూపు మసకబారింది. ఒంటి వేడి పెరిగితే ఈ జబ్బులో పాత లక్షణాలు కొంతసేపు పైకి రావడం మామూలే గాని, అది ఉక్క వల్లనో, నిజంగా జబ్బు తిరగబెట్టడం వల్లనో తెలియక ఇంటిల్లిపాదీ నలిగిపోయాం. చివరకు విశాఖపట్నంలోని న్యూరాలజిస్టు ఆ సిరంజిలను పారేయమన్నారు; మందు మార్చే మాట అప్పుడే మొదలైంది.

క్యాప్సూల్ మొదట రోజుకు రెండుసార్లు 120 మిల్లీగ్రాములు, వారం తర్వాత 240. ముఖం ఎర్రబడి మండేది, కడుపులో తిప్పేది. పొద్దుటి చోడి అంబలి చాలక, అన్నం తిన్నాకే వేసుకోవడం మొదలుపెట్టిన తర్వాత చాలావరకు తగ్గింది.

ఫ్రిజ్ చింత పోయినా రక్తపరీక్షల చింత పోలేదు. ఈ మందు లింఫోసైట్లను, అంటే ఇన్ఫెక్షన్లతో పోరాడే ఒక రకం తెల్ల రక్తకణాలను, తగ్గించగలదు; అవి బాగా పడిపోయి అలాగే ఉండిపోతే, అరుదుగానే అయినా మెదడుకు ప్రమాదకరమైన ఇన్ఫెక్షన్ సోకే అవకాశముంది. కిడ్నీ జబ్బు ఎక్కువైన మా ప్రాంతంలో రక్తపరీక్ష అంటే కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ ఒక్కటే చూసి పంపేస్తారేమోనని, లింఫోసైట్ల లెక్క కూడా కావాలని నేనే అడిగి రాయించుకుంటాను.

నాకు ఇంతవరకు ఆ లెక్క నిలకడగా ఉంది, ఈమధ్య తీసిన ఎమ్మారైలో జబ్బు వల్ల పడే కొత్త మచ్చలు లేవు కనుక దీనితోనే కొనసాగుతున్నాను. కరెంటుకు ఢోకా లేని పట్నంలో ఉన్నవారికి, పిల్లల్ని కనాలనుకునే స్త్రీలకు డాక్టరు ఇంజెక్షనే మేలని చెప్పవచ్చు. నా లింఫోసైట్లు తగ్గితే ఆరు నెలలకొకసారి సెలైన్‌లో ఎక్కించే రిటుక్సిమాబ్ అనే మందు చూద్దామని మా డాక్టరు అన్నారు.