స్టాక్‌హోంలో టాక్సీ ఎక్కే ముందు కిటికీ అద్దం చూడండి

సెలవుల్లో అమ్మానాన్నల్నో అత్తమామల్నో వెంటబెట్టుకుని స్టాక్‌హోం చూడాలనుకుంటున్న వాళ్ల కోసం ఈ పోస్టు. మా జేబుకు పడిన చిల్లు మీకు పడకూడదని రాస్తున్నాను.

మేం సెంట్రల్ స్టేషన్ నుంచి బయటికొచ్చేసరికి వాన. అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులు, పిల్లలేమో ఆకలని గోల. ఎదురుగా టాక్సీ ఆగి ఉంది. పసుపు నంబర్ ప్లేటు, నెత్తిన టాక్సీ బోర్డు, లోపల మీటరు, అన్నీ పద్ధతిగానే ఉన్నాయి. వాసా మ్యూజియంకి పోనిమ్మన్నాం. దూరం మూడు కిలోమీటర్లకు అటూఇటూ. దిగేటప్పుడు కార్డు మెషీన్ మీద 790 క్రోనాలు కనబడింది. మన లెక్కలో దాదాపు ఏడు వేల రూపాయలు! ఇదేంటయ్యా అని అడిగితే డ్రైవర్ గొంతు కూడా పెంచలేదు. తాపీగా దిగి, వెనక కిటికీ అద్దం మీదున్న స్టిక్కర్ని వేలితో చూపించాడు. 1628లో తొలి ప్రయాణంలోనే మునిగిపోయిన ఓడను చూడ్డానికి వెళ్తూ మేం దారిలోనే మునిగాం.

స్వీడన్‌లో 1990 నుంచి టాక్సీ చార్జీల మీద ప్రభుత్వ నియంత్రణ లేదు. ఎవరి రేటు వాళ్లదే. మీటరు వేశాడు కదా అని మనం ధీమాగా కూర్చుంటాం. అక్కడ మీటరు సరిగ్గానే తిరుగుతుంది, దోపిడీ అంతా రేటులో ఉంటుంది. అందుకే ఆ పసుపు, తెలుపు స్టిక్కర్ ముఖ్యం. అందులో అన్నిటికన్నా పెద్దగా కనిపించే అంకె, 10 కిలోమీటర్లు, 15 నిమిషాల ప్రయాణానికి ఎంతవుతుందో చెబుతుంది. పేరున్న కంపెనీల కార్ల మీద అది 400 క్రోనాల దరిదాపుల్లో ఉంటుంది. మేమెక్కిన కారు మీద నాలుగంకెలు! ఆ రేటు ఒక పరిమితి దాటితే గరిష్ఠంగా ఎంతవుతుందో ఎక్కే ముందే చెప్పాలని నిబంధన కూడా ఉంది. మాకు ఎవరూ ఏమీ చెప్పలేదు. రసీదు జతచేసి ఆ టాక్సీ వాళ్లకి మెయిల్ పెట్టాం, ఉలుకూ పలుకూ లేదు.

ఇంకో మాట, లైన్లో ముందున్న కారే ఎక్కాలని రూలేం లేదు. నచ్చకపోతే వెనక దానికి వెళ్లండి. డ్రైవర్లు కాస్త చిరాకు పడతారు, పడనివ్వండి.

నిజానికి వాసాకి టాక్సీ అక్కర్లేదు. సెంట్రల్ దగ్గర్నుంచి 7వ నంబర్ ట్రామ్ నేరుగా మ్యూజియం ఉన్న యూర్‌గోర్డెన్ దీవికి వెళ్తుంది. పాత ఊరి పక్కనున్న స్లుస్సెన్ నుంచి ఫెర్రీ కూడా ఉంది. మెట్రో, బస్సు, ట్రామ్, ఈ ఫెర్రీ అన్నిటికీ ఒకటే సిటీ టికెట్, 75 నిమిషాలు చెల్లుతుంది. పెద్దవాళ్లకి ఫెర్రీయే హాయి, కూర్చుని పాత ఊరంతా నీళ్ల మీద నుంచి చూసుకోవచ్చు. 65 దాటినవాళ్లకి టికెట్ ధర తక్కువ, మరిచిపోకుండా అడగండి.

అదే రోజు రెండో దెబ్బ కూడా తగిలింది. వాసా టికెట్లు ముందుగానే ఒక ట్రావెల్ సైటులో "ఫ్యామిలీ ప్యాకేజీ" అని కొన్నాం. పిల్లలకి కూడా డబ్బులు పట్టారు. తీరా కౌంటర్ దగ్గర బోర్డు చూస్తే 18 ఏళ్లు, అంతకన్నా చిన్నవాళ్లకి ప్రవేశం ఉచితం! రీఫండ్ అడిగితే "ప్యాకేజీని విడదీయలేం" అన్నారు. కాబట్టి ఏ మ్యూజియమైనా దాని సొంత సైటులోనే కొనండి.

అర్లాండా ఎయిర్‌పోర్టు ఊరికి 40 కిలోమీటర్ల దూరం, కాబట్టి అక్కడ టాక్సీ విషయంలో ఇంకా జాగ్రత్త. లోకల్ రైలు ఉంది కానీ, ఎయిర్‌పోర్టు స్టేషన్ వాడినందుకు మనిషికి వంద క్రోనాలకు పైగా అదనంగా కట్టాలి. అది వద్దనుకుంటే 583 బస్సులో మార్‌స్టా వెళ్లి అక్కడ రైలెక్కండి, మామూలు సిటీ టికెట్ సరిపోతుంది. సామాను ఎక్కువుంటే మాత్రం బస్సు మారడం విసుగే.

నోట్లు మార్చుకుని వెళ్లకండి, చాలాచోట్ల తీసుకోరు. కార్డు మెషీన్ "రూపాయల్లో కడతారా, క్రోనాల్లోనా" అని అడిగితే క్రోనాలే నొక్కండి, రూపాయలు నొక్కితే మారకం రేటులో ఇంకొంత కోత పడుతుంది.